ఇంకా టెస్టులేనా బిడ్డా

నాకు ఎయిర్‌ఫోర్స్‌లో ఉద్యోగం వచ్చిందని తెలిసిన సాయంత్రం మా క్వార్టర్ ముందు చాలామంది పోగయ్యారు. అందరికంటే ముందు నోరు తెరిచింది మా వరుసలో చివరి ఇంట్లో ఉండే కాక.

“మంచిదే గని బిడ్డా, దాంట్ల డిపెండెంట్ ఉంటదా?”

గోదావరిఖని బయట పుట్టినవాళ్ళకు ఈ ప్రశ్న విడమర్చి చెప్పాలి. బొగ్గు గనిలో పనిచేసే మనిషి చనిపోయినా, జబ్బుపడి పనికిరాకుండా పోయినా ఆ ఉద్యోగం కొడుక్కో అల్లుడికో ఇచ్చే పద్ధతి ఒకటి ఉండేది. దాన్నే మేం డిపెండెంట్ అనేవాళ్ళం. నాకు ఊహ తెలిసి డిగ్రీ పూర్తయ్యేసరికి ఆ పద్ధతి ఉందో పోయిందో ఎవరికీ తెలియకుండా అయింది. ఎన్నికలు దగ్గరపడినప్పుడు మాత్రం మళ్ళీ వస్తోందనేవారు. అయినా కాలనీ ప్రతి ఉద్యోగాన్నీ ఆ గీటురాయి మీదే గీసి చూసేది. బ్యాంకులో ఆఫీసరా? డిపెండెంట్ లేదు కదా, పెదవి విరుపు. టీచరా? ఇంకో విరుపు. ఇప్పుడు నా వంతు.

“ఉండది కాకా,” అన్నాను.

“అంటే నీ తర్వాత ఎవలికి రాదా?”

“ఎవలికి రాదు.”

“మరి గంత కష్టపడి ఏం ఫాయిదా?” అని ఆయన నిజంగానే బాధపడ్డాడు.

కాక యూనియన్ లీడరు. రోజూ బాయికి పోయేవాడు. మా వైపు గనిని బాయి అంటారు. అయితే పోవడమే గానీ ఆయన బాయిలోకి దిగినట్టు ఎవరూ చూడలేదు. జేబులో రెండు పెన్నులు, స్కూటర్ డిక్కీలో నాలుగు రంగుల కండువాలు ఉండేవి. ఏ యూనియన్ గెలిస్తే అందులో పుట్టుక నుంచీ ఉన్నట్టు కనిపించగల నేర్పు ఆయనది. మా బాపు మాత్రం రోజూ దిగేవాడు. గని కప్పు కూలకుండా కింద దుంగలు నిలబెట్టే పని ఆయనది. ఇంట్లో తక్కువ మాట్లాడేవాడు. ఆయన మాట్లాడాల్సినవన్నీ అమ్మే మాట్లాడేది.

ఈ ఉద్యోగం కోసం నేను చిన్నప్పటి నుంచీ ఆకాశంలోకి చూస్తూ పెరిగానని తర్వాత చాలామంది రాశారు. మా ఆకాశంలో చూడ్డానికి పవర్ హౌస్ గొట్టాల పొగ తప్ప ఏముంది? పేపర్లో ప్రకటన వచ్చింది. ఇంటర్వ్యూ మైసూరులో అన్నారు. రైలు ఖర్చులు వాళ్ళే ఇస్తారన్నారు. మైసూరు ప్యాలెస్ చూడొచ్చని నేనూ నా స్నేహితురాలూ దరఖాస్తు పెట్టాం. ఆమె ప్యాలెస్ చూసి వచ్చేసింది. నేను ఎంపికయ్యాను. ప్యాలెస్ ఇప్పటికీ చూడలేదు.

శిక్షణ పూర్తయి, హెలికాప్టర్ పైలట్‌గా భుజాల మీద పట్టీలతో మొదటిసారి సెలవు మీద వచ్చినప్పుడు కాక కమ్యూనిటీ హాల్లో సన్మానం పెట్టించాడు. హాలు బయట ఫ్లెక్సీ కట్టారు. అందులో నా ముఖం అరచేయంత, కాక ముఖం తలుపంత ఉంది. ఫ్లెక్సీ కొట్టినవాడికి హెలికాప్టర్ బొమ్మ దొరక్క ప్రయాణికుల విమానం పెట్టాడు. దాని కిటికీల్లోంచి ఎవరో విదేశీయులు చేతులూపుతున్నారు. ఉపన్యాసాలు మొదలయ్యాయి. కార్మికవర్గం గురించి ఒకరు, బోనసు గురించి ఒకరు, తాగునీటి పైపు గురించి ఇంకొకరు మాట్లాడారు. నా గురించి ఎవరూ పెద్దగా చెప్పలేదు. శాలువా కప్పేటప్పుడు మాత్రం అందరూ కెమెరా వైపు తిరిగారు.

కిందికి దిగుతుంటే ఒక కుర్ర విలేకరి అడ్డొచ్చాడు. “మేడం, రాకెట్‌ల పోయే చాన్స్ వస్తే పోతరా?”

“వస్తే ఎందుకు పోను?” అన్నాను. అప్పటికే నేను చదివి ఉన్నాను, రోదసిలోకి వెళ్ళినవాళ్ళలో చాలామంది ముందు టెస్టు పైలట్లుగా చేసినవాళ్ళేనని. కాబట్టి ఆ జవాబులో అబద్ధం లేదు.

మర్నాడు జిల్లా పేజీలో వచ్చింది: ‘చందమామపైకి గోదావరిఖని బిడ్డ’. ప్రశ్నలో ఉన్న ‘వస్తే’ శీర్షికలో పట్టలేదు. ఆ తర్వాత ఎన్నేళ్ళు సెలవు మీద వచ్చినా చౌరస్తాలో పాన్ డబ్బా దగ్గర నుంచి దవాఖానలో నర్సు దాకా ఒకటే పలకరింపు: “ఎప్పుడు పోతున్నవ్?” బసంత్‌నగర్ నుంచి మా చిన్నమ్మ ప్రత్యేకంగా బస్సెక్కి వచ్చి, అక్కడ చలి ఉంటుందని స్వెట్టర్ ఇచ్చిపోయింది.

నాకూ పోవాలనే ఉండేది. అందుకని అవకాశం దొరకగానే ఉత్తరాదిన ఉన్న ఒక మరమ్మతు డిపోకు పోస్టింగ్ అడిగి తీసుకున్నాను. పాతబడిన హెలికాప్టర్లను అక్కడ పూర్తిగా విప్పి, బాగుచేసి, మళ్ళీ బిగిస్తారు. బిగించిన తర్వాత ఎవరో ఒకరు మొదట దాన్ని గాల్లోకి లేపి, బాగుందో లేదో చెప్పాలి. ఆ ఒకరు నేను. ఫైళ్ళ మీద నా పేరు పక్కన టెస్టు పైలట్ అని పడింది.

ఆ మాట మా కాలనీకి చేరి వేరే అర్థం తెచ్చుకుంది. అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా మొదటి మాట అదే.

“ఇంకా టెస్టులేనా బిడ్డా?”

“అవునమ్మా.”

“ఎప్పటికి పాసైతవ్? ఎదురింటి పిల్ల బీఈడీ ఒక్కసారికే కొట్టింది.”

మొదట్లో నవ్వొచ్చింది. సెలవుకు వచ్చాక నవ్వు ఆగిపోయింది. కాలనీ మొత్తం నా మీద జాలిపడుతోంది. ట్యూషన్ మాస్టారొకాయన లెక్కలు తానే చెబుతానన్నాడు. పరీక్ష రాసే పెన్ను మీద మంత్రం చదివి పెడతానని ఒకామె పెన్ను అడిగింది. కాక నన్ను పక్కకు పిలిచి గొంతు తగ్గించాడు.

“ఢిల్లీల మనోళ్ళున్నరు. ఎంపీ తోని ఒక మాట చెప్పిస్త. పేపర్లు దిద్దెటోడు ఎవడో కనుక్కో.”

“కాకా, అది రాసే పరీక్ష గాదు. హెలికాప్టర్‌ను పరీక్ష చేసుడు.”

“అర్థమైంది బిడ్డా, ప్రాక్టికల్స్. గవ్వి ఇంకా సులువు. చెప్తే చాలు, మార్కులేస్తరు.”

ఒక రోజు నిజంగానే ఫెయిలయ్యేదాన్ని. మరమ్మతైన యంత్రం నేల మీద మంచిగా తిరిగింది, కాస్త ఎత్తులో గాలిలో నిలబెడితే కుదురుగా నిలబడింది. పైకి తీసుకెళ్ళి మలుపు తిప్పగానే తోక వైపు నుంచి వణుకు మొదలైంది. ఆ వణుకు సీటులోంచి పళ్ళలోకి ఎక్కింది. ముందున్న అంకెలన్నీ కలిసిపోయి కనిపించాయి. పక్కన కూర్చున్న ఇంజనీరు ఏదో అంటున్నాడు, నాకు అతని పెదవులే కనిపిస్తున్నాయి. వేగం తగ్గించి, రన్‌వే దాకా వెళ్ళాలన్న ఆశ వదులుకుని, దాని ఇవతలి గడ్డిలోనే దించేశాను.

సాయంత్రం అమ్మ ఫోన్ చేసింది. “ఇయ్యాల టెస్టు ఎట్లైంది?”

“పాసైన,” అన్నాను.

“ఎల్లమ్మ తల్లి సల్లగ సూసింది,” అని ఆమె అప్పటికప్పుడు చక్కెర పంచడానికి బయల్దేరింది.

అసలైన టెస్టు పైలట్లను తయారుచేసే బడి వేరే ఉంది. అక్కడ చదివితేనే రాకెట్ల గురించి కలగనడానికైనా అర్హత. ఆడవాళ్ళకు అప్పట్లో షార్ట్ సర్వీసే, అంటే కొన్నేళ్ళు చేసి దిగిపోవాలి. ఆ చదువుకు కావలసినంత సర్వీసు నాకు మిగల్లేదు. దానికి ఎవరి మీదా కోపం తెచ్చుకునే ఓపిక కూడా లేకపోయింది. గడువు ముగిసింది, బ్యాడ్జీలు అప్పగించి, ట్రంకు పెట్టె వేసుకుని ఇంటికొచ్చాను.

వచ్చేసరికి తెలంగాణ కోసం సమ్మె. గనులు ఆగాయి, బస్సులు ఆగాయి. ఎన్నడూ డ్యూటీ తప్పని బాపు ఇంటి ముందు మంచం వేసుకుని కూర్చున్నాడు. పక్కన నేను కుర్చీ వేసుకున్నాను. ఆయన సమ్మెలో ఉన్నాడు కాబట్టి గౌరవం. నేనెందుకు ఇంట్లో ఉన్నానో ఎవరికీ అంతుబట్టలేదు. కొద్దిరోజులకు వాళ్ళే కారణం కనిపెట్టారు.

“అన్‌ఫిట్ చేసిన్రట గదా,” అంటూ కాక పరామర్శకు వచ్చాడు.

అన్‌ఫిట్ కూడా మా ఊరి మాటే. డాక్టర్లు చూసి, ఈ మనిషి గనిలో పనికి పనికిరాడని రాస్తే అన్‌ఫిట్. ఒకప్పుడు కొడుకులున్న తండ్రులు దానికోసం ఏవేవో జబ్బులు వెతుక్కునేవారు. అందుకని కాక ముఖంలో బాధతోపాటు కొంచెం మెచ్చుకోలు కూడా ఉంది.

“ఏం చూపిచ్చినవ్? కండ్లా, చెవులా?”

“ఏం లేదు కాకా. నా టైం అయిపోయింది, దిగిన.”

“ఇంత చిన్న వయసుల టైం అయిపోవుడేంది? నాకు చెప్పకపోతే మానె. నీ జాగల ఎవలను పెట్టిచ్చినవ్?”

“ఎవర్నీ పెట్టియ్యలే.”

కాక మంచం మీద కూర్చుని తల పట్టుకున్నాడు. “అన్‌ఫిట్ ఖరాబు చేసినవ్ బిడ్డా,” అన్నాడు.

ఆయన వెళ్ళాక అమ్మ గడపలో కూర్చుని బియ్యం ఏరుతూ అందుకుంది. “గా టెస్టు మంచిగ రాసి ఉంటే ఉంచుకుంటుండె. ఎన్నేండ్లు రాసినవ్!”

ఇక లాభం లేదనిపించి నేను ఆమె ముందు కూర్చున్నాను. డిపో అంటే ఏమిటో, విప్పి బిగించిన హెలికాప్టర్‌ను మొదట ఎవరు ఎక్కుతారో, ఎందుకు ఎక్కుతారో, గడ్డిలో దించిన రోజుతో సహా చెప్పాను. అమ్మ చేతులు ఆగిపోయాయి. ఆమె నా వైపు చూడలేదు. బాపు వైపు చూసింది.

“పరీక్షలు రాస్తుందని చెప్పింది నువ్వే గదా?”

బాపు మంచం నులకను వేలితో లాగుతున్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది. ఆ పోస్టింగ్ సంగతి నేను మొదట చెప్పింది బాపుకే, ఫోన్‌లో. ఆయన “అంటే మొదలు ఎక్కేది నువ్వేనా?” అని ఒక్కటే అడిగాడు. అవునన్నాను. “సరే తియ్,” అని పెట్టేశాడు. పెట్టేసి, ఇంట్లోకి వెళ్ళి, బిడ్డకు పరీక్షలున్నాయట అని అమ్మకు చెప్పాడు. అమ్మ కాలనీకి చెప్పింది. నా మీద కురిసిన జాలి అంతా అక్కడి నుంచి మొదలైంది.

“నాకెందుకు చెప్పలే?” అంది అమ్మ.

“చెప్తే నిద్రపోతుంటివా?”

“నువ్వు పోయినవా?”

ఆ రోజు నుంచి మా ఇంట్లో రెండో సమ్మె మొదలైంది. కంచంలో అన్నం పడేది గానీ దాంతో మాట పడేది కాదు. బయటి సమ్మె ముగిసి బాపు డ్యూటీకి వెళ్ళడం మొదలుపెట్టినా లోపలిది కొన్నాళ్ళు నడిచింది. ఒకరోజు ఆమె టిఫిన్ డబ్బా చేతికిస్తూ “పైలం” అంది, జాగ్రత్త అని. సమ్మె విరమణ అలా జరిగింది.

నేను హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు హెలికాప్టర్ కంపెనీలో చేరాను. కాలనీకి చెప్పేటప్పుడు జాగ్రత్తగా టెస్టు అనే మాట వదిలేసి, “ఇప్పుడు కమర్షియల్ పైలట్‌ను” అన్నాను. అదీ తప్పే. కమర్షియల్ అంటే మా దగ్గర డబ్బు మనిషి. “దేశం కోసం చేసినామె, కమర్షియల్ అయిపోయింది,” అని కాక చౌరస్తాలో వాపోయాడట. పెళ్ళికొడుకులను మంటపం పక్కన దించడం, విగ్రహాల మీద పూలు చల్లడం, భూములు కొనేవాళ్ళకు భూములు పైనుంచి చూపించడం నా పని కాబట్టి, ఆ మాటను నేను గట్టిగా ఖండించలేకపోయాను.

ప్రత్యేక రాష్ట్రం ఖాయమై ఎన్నికలొచ్చిన వేసవిలో మా కంపెనీ ఒక పెద్ద నాయకుడికి హెలికాప్టర్ అద్దెకిచ్చింది. ఆయనకు తన ఉపన్యాసం మీద ఎంత నమ్మకమో నా మీద అంత అనుమానం. నా పక్కన కో-పైలట్‌గా ఒక ఉత్తరాది కుర్రాడు ఉండేవాడు, కొత్తగా చేరాడు. నాయకుడు ఎక్కేటప్పుడు దండం అతనికే పెట్టేవాడు. ఒకనాడు మర్నాటి కార్యక్రమం కాగితం ఇచ్చారు: శ్రీరాంపూర్‌లో సభ అయ్యాక గోదావరిఖని సభ. హెలిప్యాడ్ బాధ్యత ఎవరిదని కాగితంలో చూశాను. మా కాక పేరే.

సాయంత్రం అమ్మకు ఫోన్ చేసి చెప్పాను. “మమ్ముల ముందట్నే కూసోబెడ్తడట మీ కాక,” అందామె. అప్పటికి బాపు రిటైరయ్యాడు. ఇద్దరూ నేను నడపడం ఎప్పుడూ చూడలేదు.

మర్నాడు గోదావరి దాటి ఊరి మీదికి రాగానే హెలిప్యాడ్ కనిపించింది. కనిపించిందనడం తప్పు. గాలి దిక్కు తెలియడానికి కాస్త పొగ పెట్టమని మేం ముందే చెబుతాం. గడ్డి కాల్చితే చాలు. కాక రెండు గంపల బొగ్గు అంటించాడు. ఆ పొగ సున్నంతో వేసిన గుర్తును సగం కప్పేసింది. మైదానాన్ని చదును చేయడానికి పవర్ హౌస్ బూడిద పరిచారు, దాని మీద చుక్క నీళ్ళు చల్లలేదు. నాయకుడు ఎండలో నడవకూడదని షామియానాను గుర్తుకు ఆనించి వేశారు. అందులో మొదటి వరుసలో మనుషులు కూర్చున్నారు. వాళ్ళలో ఎవరెవరు ఉంటారో నాకు తెలుసు.

అక్కడ దిగితే ముందు బూడిద లేస్తుంది. ఆ మబ్బులో నేల ఎక్కడుందో కనిపించదు. ఈలోగా షామియానా గుడ్డ లేచి పైన తిరిగే రెక్కలకు చుట్టుకుంటుంది. నేను ఎత్తు పెంచాను.

వెనక నుంచి నాయకుడి గొంతు హెడ్‌ఫోన్‌లో పగిలింది. “ఏమైంది? జనం ఉన్నది అక్కడ!”

“అక్కడ దిగలేం సార్. పక్కన స్టేడియం ఉంది, గడ్డి ఉంది. అక్కడ దింపుతున్నా.”

“ఆ అబ్బాయిని నడపమను!”

ఆ అబ్బాయికి తెలుగు రాదు. ఏమన్నారని నన్నడిగాడు. నువ్వు బాగున్నావా అంటున్నారని చెప్పాను. అతను వెనక్కి తిరిగి నమస్కారం పెట్టాడు.

స్టేడియంలో దిగాం. అక్కడ జెండా లేదు, దండ లేదు. గ్యాలరీ నీడలో నలుగురు రిటైరైన కార్మికులు పత్తాలాడుతున్నారు. మా గాలికి వాళ్ళ పేకముక్కలన్నీ లేచి మైదానం నిండా చెల్లాచెదురయ్యాయి. నాయకుడు తెల్లటి బట్టల్లో, రెండు చేతులూ జోడించి, అలవాటైన చిరునవ్వుతో దిగాడు. ఒక పెద్దాయన ఎదురొచ్చాడు.

“ఎవలు మీరు? నా చేతుల షో ఉండె! ఇప్పుడు ఎవలిస్తరు?”

పోలీసు జీపులు హెలిప్యాడ్ దగ్గరి నుంచి ఇటు వచ్చేదాకా నాయకుడు ఆ నలుగురితోనే సిమెంటు మెట్ల మీద కూర్చోవాల్సి వచ్చింది. వాళ్ళు పింఛన్ల గురించి, దవాఖానలో దొరకని మందుల గురించి చెప్పారు. మైకు లేకపోవడం వల్ల ఆయన వినక తప్పలేదు. ఆ ఎన్నికల్లో ఆయన విన్నది బహుశా అంతే.

జీపుల వెనక కాక స్కూటర్ వచ్చింది, దాని వెనక ఆటోలో మా అమ్మా బాపూ. నేను పైనుంచి ఒక చుట్టు తిరిగినందుకే బూడిద కొంత లేచినట్టుంది. బాపు తెల్ల చొక్కా, అమ్మ పట్టుచీర ఒకే రంగులో ఉన్నాయి.

“ఇజ్జత్ తీసినవ్ కదనే!” స్కూటర్ దిగకుండానే అరిచాడు కాక. “సొంతూరి బిడ్డవని నేను అందరికి చెప్పుకున్న!”

నాయకుడు జీపెక్కుతూ కో-పైలట్ చెయ్యి పట్టుకుని ఊపాడు. “మంచిగ దింపినవ్ బాబూ.” తర్వాత పీఏతో, “ఆ అమ్మాయి మీద కంపెనీకి చెప్పు, చెప్పిన చోట దింపలేదు,” అన్నాడు.

అందరూ వెళ్ళాక బాపు దగ్గరికొచ్చాడు. “ఆడ దిగితే ఏమైతుండె?”

చెప్పాను. ఆయన అమ్మ వైపు తిరిగాడు. ఈసారి పరీక్షల సంగతి ఎత్తలేదు. “ఆడ దిగితే మనమందరం పోతుంటిమి,” అన్నాడు మామూలుగా.

“మరి మంచి పనే చేసింది గదా,” అంది అమ్మ. “గాయన ఎందుకు ఒర్లుతున్నడు?”

సభలో నాయకుడు హెలికాప్టర్ దారి మళ్ళడం ప్రత్యర్థుల కుట్ర అన్నాడు. చప్పట్లు స్టేడియం దాకా వినిపించాయి. వారం తిరక్కుండా కంపెనీ నన్ను ఎన్నికల డ్యూటీ నుంచి తప్పించి, యాత్రికులను హిమాలయాల్లో ఒక గుడి దగ్గరికి చేర్చే పనికి పంపింది. రాష్ట్రం వచ్చిన రోజు నేను ఆ కొండల్లోనే ఉన్నాను. ఫోన్‌లో బాజాలు వినిపించాయి. కాక కొత్త కండువాతో ఊరేగింపు ముందు నడుస్తున్నాడని అమ్మ చెప్పింది.

మరుసటి ఏడు అమ్మా బాపూ యాత్రకొచ్చారు. కొండ కింద ఎక్కే ముందు ప్రయాణికులందరినీ తూకం వేస్తారు. అందరి ముందూ తూకం ఎక్కనని అమ్మ కాసేపు పేచీ పెట్టింది. వరుసలో వాళ్ళ వెనక ఉన్నవాళ్ళు విసుక్కున్నారు. చివరికి చెప్పులు విప్పి ఎక్కి, కాటా వైపు ఎవరూ చూడకుండా కొంగు అడ్డం పెట్టింది. బాపును నా పక్క సీటులో, అమ్మను వెనక కూర్చోబెట్టారు.

లోయ మీదుగా కొద్ది నిమిషాల ప్రయాణం. బాపు చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని ఒకసారి కిందికి, ఒకసారి నా చేతుల వైపు చూస్తూ కూర్చున్నాడు. పైన దింపాక వెనక్కి తిరిగి చూస్తే అమ్మ కళ్ళు గట్టిగా మూసుకుని ఉంది. పెదవులు కదులుతున్నాయి.

బాపు ఆమె మోకాలు తట్టాడు. అమ్మ కళ్ళు తెరవకుండానే అడిగింది. “ఎప్పుడు లేస్తది?”

“దిగినం,” అన్నాడు బాపు.

“ఉట్టిగనే చెప్తవ్.”

ఇంజన్ ఆపే వీల్లేదు, తర్వాతి గుంపు ఎదురుచూస్తోంది. అక్కడి మనిషి తలుపు తీసి ఇద్దరినీ తలలు వంచించి నడిపించుకుపోయాడు. తాడు అవతల అమ్మ ఆగి, వెనక్కి తిరిగి, చెయ్యి నోటి దగ్గర పెట్టి ఏదో అరిచింది. రెక్కల చప్పుడులో నాకు ఒక్క ముక్క కూడా వినిపించలేదు. బాపు ఆమె చెయ్యి పట్టుకుని గుడి మెట్ల వైపు తీసుకెళ్ళాడు. వెనక సీట్లు నిండాయి. తలుపు పడింది. నేను లేపాను.